ఎల్‌పీ తగ్గితే గ్యాస్ తగ్గినట్టేనా? శ్రీకాకుళం బట్టల షాపు ఏసీ కేస్ స్టడీ

ఈ కేసు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కు దగ్గర్లో ఉన్న ఒక బట్టల షాపుది. కింద హాల్లో చీరలు, డ్రెస్ మెటీరియల్, ఒక మూల పొందూరు ఖాదీ కౌంటర్. పై అంతస్తులో రెడీమేడ్. కింద హాలుకు 11 టన్నుల డక్టబుల్ ఏసీ (ఒకచోట చల్లబరిచిన గాలిని సీలింగ్ పైన డక్టుల్లో హాలంతా పంపేది), పైన మామూలు స్ప్లిట్లు. ఇక్కడ రాసేదంతా ఆ డక్టబుల్ గురించే. దానికి ఇండోర్ ఒకటే, బ్లోయర్ ఒకటే. మేడ మీద మాత్రం రెండు కంప్రెసర్లు, ఒక్కోటి 5.5 టన్నులు. దేని గ్యాస్ లైను దానిదే. గ్యాస్ ఆర్-410ఏ.

ఓనరు గారు ఫోన్లో చెప్పింది క్లుప్తంగా ఇది: "బాబూ, మళ్లీ గ్యాస్ అయిపోనాది. ముహూర్తాలు దగ్గర పడతన్నాయి, ఓపాలి వచ్చి ఎక్కించియ్యండి." ప్రతి వేసవికీ అక్కడ గ్యాస్ ఎక్కిస్తూనే ఉన్నారు. ఎక్కించిన వారం బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఆ తర్వాత మధ్యాహ్నాలు మిషన్ ఆగిపోవడం మొదలవుతుంది. పాత బిల్లులు తీసి చూపించారు. అన్నింటిమీదా "గ్యాస్ ఛార్జింగ్" అని ఉంది. ఎన్ని కిలోలు ఎక్కించారో, అంతకుముందు ఎంత ఉందో, ఎక్కడ లీకయిందో ఒక్క బిల్లులోనూ లేదు.

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారడం లేదంటే తగ్గలేదని అర్థం. ఈ రెండింటిలో ఏదో తేల్చకుండా సిలిండరు విప్పకూడదు. చిన్న షాపుల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి, ఈ కేసును కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మనుషులు, తర్వాత మీటర్లు

మిషన్ దగ్గరకు వెళ్లేముందు, రోజంతా దాని కింద నిలబడే వాళ్లతో మాట్లాడాలి. చీరల సెక్షన్లో చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దాయన ఇలా చెప్పారు: "పొద్దున్న బాగానే ఉంటాదండి. రెండు దాటితే పైన టక్కుమని ఆగిపోతాది. సాయంత్రం స్విచ్ ఆపి మళ్లీ ఏస్తే ఆడతాది. గ్రిల్లు కింద నిలబడితే చల్లగుంటాది గానీ కౌంటరు కాడికి రాదు."

ఈ నాలుగు మాటల్లో సగం రోగనిర్ధారణ ఉంది. మధ్యాహ్నం ఎండకు ఆగిపోతోందంటే మేడమీద ఉన్న కండెన్సర్ (హాలు వేడిని బయటికి వదిలే కాయిల్) వేడిని వదల్లేకపోతోంది, గ్యాస్ ప్రెజర్ హద్దు దాటగానే హెచ్‌పీ (హై ప్రెజర్) స్విచ్ ఆపేస్తోంది. గ్యాస్ నిజంగా తక్కువైతే హై ప్రెజర్ మీద ట్రిప్ కావడం అరుదు. ఇక గ్రిల్లు కింద చల్లగా ఉండి కౌంటరు దగ్గర లేదంటే, చల్లదనం తయారవుతోంది గానీ దాన్ని మోసుకొచ్చే గాలి లేదు.

ఆ తర్వాత కొలతలు. హాలు 29 డిగ్రీలు, గ్రిల్లులోంచి వచ్చే గాలి 16 డిగ్రీలు. తేడా 13. ఇంత తేడా చూస్తే కూలింగ్ బ్రహ్మాండంగా ఉందనుకుంటారు చాలామంది. మామూలుగా ఈ తేడా 8 నుంచి 11 మధ్య ఉండాలి. మన తీరప్రాంతపు తేమలో ఇంకాస్త తక్కువ ఉన్నా తప్పు లేదు, ఎందుకంటే ఇండోర్‌లో గాలిని చల్లబరిచే కాయిల్ శక్తిలో మంచి వాటా గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది. 13 వచ్చిందంటే కాయిల్ మీదుగా పోయే గాలి బాగా తక్కువైందని అనుమానించాలి. వెనక్కి గాలి లాగే గ్రిల్లు అయిదడుగులు బై రెండడుగులు, అంటే 10 చదరపు అడుగులు. గాలి వేగం కొలిచే ఎనిమోమీటరు దాని మీద అక్కడక్కడా పెట్టి సగటు తీస్తే నిమిషానికి 250 అడుగుల వేగం వచ్చింది. అంటే 2,500 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి). టన్నుకు 400 చొప్పున 11 టన్నులకు 4,400 కావాలి.

అప్పుడు గేజీలు పెట్టాం. మొదటి లైనులో ఎల్‌పీ (లో ప్రెజర్, కాయిల్ నుంచి కంప్రెసర్‌కు తిరిగొచ్చే గ్యాస్ ప్రెజర్) 98 పీఎస్‌ఐ, రెండో లైనులో 85. ఆర్-410ఏకి సుమారు 118 నుంచి 130 మధ్య ఉండాల్సింది. ఈ రెండంకెలు మాత్రమే చూస్తే "రెండిట్లోనూ గ్యాస్ తక్కువే, ఎక్కించేద్దాం" అనిపిస్తుంది. అంతకుముందు జరిగింది కూడా అదే అయ్యుండాలి.

కానీ పైపు మీద థర్మామీటరు పెట్టగానే కథ మారింది. 98 పీఎస్‌ఐ దగ్గర ఈ గ్యాస్ మరిగేది సున్నాకు కొంచెం కింద. మొదటి లైను సక్షన్ పైపు (కంప్రెసర్‌కు తిరిగి వెళ్లే పైపు) 1 డిగ్రీ చూపించింది. మరిగే ఉష్ణోగ్రతకన్నా పైపు ఎంత వేడిగా ఉందో ఆ తేడానే సూపర్ హీట్ అంటాం, ఇక్కడ అది 2 డిగ్రీల లోపే. ద్రవం కాయిల్ చివరిదాకా పూర్తిగా మరగకుండా వచ్చేస్తోంది. గ్యాస్ చాలినంత ఉంది, దానికి వేడి అందించే గాలే లేదు. రెండో లైనులో 85 పీఎస్‌ఐకి మరిగే ఉష్ణోగ్రత మైనస్ నాలుగున్నర దగ్గర, పైపు మాత్రం 14 డిగ్రీలు. సూపర్ హీట్ 18 దాటింది. ద్రవం కాయిల్ సగంలోనే అయిపోయి మిగతా దూరమంతా ఆవిరే తిరుగుతోంది. ఇక్కడ గ్యాస్ నిజంగానే తక్కువ.

ఒకే మిషన్, ఒకే బ్లోయర్, ఎల్‌పీ రెండింటికీ తక్కువే, కారణాలు మాత్రం వేరు. మొదటి లైను హెచ్‌పీ 560 ఉంది, లిక్విడ్ పైపు దగ్గర సబ్‌కూలింగ్ (గ్యాస్ ద్రవంగా మారాక ఇంకెన్ని డిగ్రీలు చల్లబడిందో ఆ లెక్క) 13 డిగ్రీలు. అది 5 నుంచి 7 ఉంటే సరి. అంటే ఆ లైనులో గ్యాస్ తక్కువ కాదు సరికదా, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. మరగని ద్రవం కంప్రెసర్‌లోకి పోతే ఆయిల్ పలచబడి బేరింగులు అరిగిపోతాయి. ఇంకొక వేసవి అలాగే గ్యాస్ ఎక్కించి ఉంటే ఆ కంప్రెసర్ నిలిచేది కాదని నా నమ్మకం.

గాలి ఎక్కడ ఆగింది

గాలి సరిచేయకుండా గ్యాస్ సరిచేయలేం. గాలి తక్కువున్నప్పుడు చూపించే ప్రెజర్లు నమ్మదగినవి కావు. అందుకని మొదటి పని అంతా ఇండోర్ దగ్గరే.

ఫాల్స్ సీలింగ్ తలుపు తీసి చూస్తే ఫిల్టర్ల గాడి ఖాళీగా ఉంది. ఫిల్టర్లు లేవు. ఎప్పుడో గాలి రావడం లేదని ఎవరో తీసి పక్కన పెట్టారట. తీసిన రోజు గాలి పెరుగుతుంది, నిజమే. కానీ ఆ రోజు నుంచి దుమ్మంతా నేరుగా కాయిల్‌కే అంటుకుంటుంది. ఫిల్టరు కడిగితే సరిపోయే పని, తర్వాత మిషన్ విప్పితే గానీ తెమలని పనిగా మారుతుంది.

బట్టల షాపు దుమ్ము వేరు. రోజుకు వందలసార్లు చీరలు విప్పి మడతపెడతారు. గంజి పొడి, నూగు గాల్లో తేలుతుంటాయి. ఖాదీ దగ్గర ఇంకాస్త ఎక్కువ. పొద్దున్నా సాయంత్రమూ సాంబ్రాణి వేస్తారు. ఆ పొగలోని జిడ్డు తడి కాయిల్ మీద పూతలా అంటుకుంటుంది, నూగు దానికి అతుక్కుంటుంది. ఇక్కడ కాయిల్ ముందు వైపు నూగు ఒక పరుపులా పట్టేసి ఉంది. సాంబ్రాణి మానమని నేను ఎవరికీ చెప్పను. గాలి వెనక్కి లాగే గ్రిల్లుకు దూరంగా, వీలైతే ఏసీ వేసేముందు వేయమని మాత్రం చెప్తాను. వాళ్లు ఒప్పుకున్నారు.

ఇలాంటి కాయిల్‌ను వెంటనే నీళ్లతో కడగకూడదు. నూగు తడిస్తే ముద్దయి ఫిన్నుల (కాయిల్ మీది పలచని అల్యూమినియం రేకుల) మధ్య లోపలికి దిగిపోతుంది, ఇక రాదు. ముందు మెత్తని బ్రష్‌తో ఫిన్నులు ఉన్న దిశలోనే, వాటికి అడ్డంగా కాకుండా, పొడిగా లాగాలి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా మేలు. తర్వాతే కాయిల్ క్లీనర్ కొట్టి, కాసేపు నాననిచ్చి, గాలి వెళ్లే దిశకు ఎదురుగా లోపలి నుంచి బయటకు నీళ్లు పట్టాలి. యాసిడ్ వాడకూడదు. తెల్లగా మెరుస్తుంది గానీ అల్యూమినియాన్ని తినేస్తుంది. బళ్లు కడిగే ప్రెజర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఫిన్నులు పడుకుంటాయి, అప్పుడు గాలి శాశ్వతంగా ఆగిపోతుంది. మోటారు, ఎలక్ట్రికల్ బాక్సు ముందే ప్లాస్టిక్ కవరుతో కప్పుకోవాలి.

చాలామంది కాయిల్ కడిగి ఆపేస్తారు. బ్లోయర్ చక్రం తిప్పి చూడాలి. దాని రెక్కలు వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపులో మట్టి నిండితే చక్రం పూర్తి వేగంతో తిరిగినా గాలి రాదు. ఇక్కడ వంపులన్నీ నిండిపోయాయి. చక్రం బయటకు తీసి కడిగాం. బెల్టు వదులై పుల్లీ మీద జారుతోంది, పక్కలు మెరుస్తున్నాయి. కొత్త బెల్టు వేసి, రెండు పుల్లీలు ఒకే గీతలో ఉండేలా దారం కట్టి సరిచూశాం. పుల్లీల మధ్య అడుగున్నర దూరం ఉంటే మధ్యలో వేలితో నొక్కినప్పుడు పావు అంగుళం మాత్రమే దిగాలి. మరీ బిగించినా మోటారు బేరింగులు పోతాయి.

కింద వెనక్కి గాలి లాగే గ్రిల్లుకు అడ్డంగా డిస్‌ప్లే ర్యాకు ఒకటి ఉంది. అది జరపడానికి కొంచెం నచ్చజెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ చోటు అమ్మకాలకు మంచి చోటు. ర్యాకు జరిపేముందు, జరిపాక ఎనిమోమీటరు ఓనరు గారి చేతికే ఇచ్చి గ్రిల్లు మీద పెట్టమన్నాను. అంకె చూశాక ఆయనే కుర్రాళ్లను పిలిచి జరిపించారు. అన్నీ అయ్యాక నిమిషానికి 410 అడుగులు, అంటే 4,100 సీఎఫ్ఎం వచ్చింది. పాత డక్టు నుంచి అంతకన్నా ఆశించడం కష్టం.

ఇప్పుడు గ్యాస్

రెండు లైన్ల గ్యాస్‌నూ రికవరీ మిషన్‌తో సిలిండర్లలోకి లాగి తూకం వేశాం. నేమ్ ప్లేటు ప్రకారం ఒక్కో లైనుకు 4.2 కిలోలు. మొదటి దాంట్లో 5.1 కిలోలు దొరికింది, రెండో దాంట్లో 2.9. మీటర్లు చెప్పిందే త్రాసూ చెప్పింది. గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆర్-410ఏ భూమిని వేడెక్కించే శక్తి అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా రెండు వేల రెట్లు పైమాట. ఆ సంగతి పక్కన పెట్టినా, రికవరీ చేయకపోతే లోపల ఎంత ఉందో ఎప్పటికీ తెలియదు.

రెండో లైను లీకు వెతకడానికి డ్రై నైట్రోజన్ 300 పీఎస్‌ఐ దాకా నింపి సబ్బు నురగ పట్టించాం. మేడ గోడ వెంట పైపును పట్టి ఉంచే ఇనుప క్లాంపు దగ్గర ఇన్సులేషన్ చిరిగిపోయి, క్లాంపు అంచు రాగి పైపుకు ఒరుసుకుంటూ సన్నని చిల్లు పెట్టింది. అక్కడ ముందే నూనె మరక కనిపించింది. నూనె మరక ఉన్నచోట లీకు ఉన్నట్టే, అక్కడి నుంచే వెతకడం మొదలుపెట్టాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నైట్రోజన్ దొరకలేదని వెల్డింగ్ ఆక్సిజన్‌తో ప్రెజర్ పెట్టేవాళ్లను చూశాను. కంప్రెసర్ నూనె, ప్రెజర్‌లో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది. ప్రాణాలు పోతాయి. మీ షాపు మేడ మీద ఎవరైనా ఆ పని చేస్తుంటే వెంటనే ఆపించండి, అది వాళ్ల కోసమే.

పాడైన ముక్క కోసి, పైపులో నైట్రోజన్ సన్నగా పారుతుండగా బ్రేజింగ్ చేశాం (రాగి పైపును వేడిచేసి అతికాం). లేకపోతే లోపల నల్లని పొట్టు కట్టి తర్వాత వాల్వులో ఇరుక్కుంటుంది. ప్రెజర్ రాత్రంతా నిలిచింది. లైనులో తేమను పట్టే ఫిల్టర్ డ్రయర్ మార్చి, పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందకు దించి, పంపు ఆపాక కూడా పెరగకుండా ఉందో చూశాం. ఈ గ్యాస్‌తో కంప్రెసర్‌లో వాడే పీఓఈ ఆయిల్ తేమను చాలా త్వరగా పీల్చుకుంటుంది, మన ఊళ్లలో గాలి నిండా తేమే, అందుకే వాక్యూమ్ దగ్గర తొందర పనికిరాదు. ఆ తర్వాత రెండు లైన్లకూ త్రాసు మీద తూచి, పైపుల అదనపు పొడవుకు కంపెనీ చెప్పిన లెక్క కలిపి, ద్రవరూపంలో గ్యాస్ నింపాం. ఆర్-410ఏ రెండు వాయువుల మిశ్రమం కాబట్టి ద్రవంగానే నింపాలి.

మేడ మీద

అవుట్‌డోర్ మీద వాన పడకూడదని ఎవరో మంచి మనసుతో రేకుల షెడ్డు వేశారు. ఆ మిషన్ వేడిగాలిని పైకి వదులుతుంది. రెండడుగుల ఎత్తులో రేకు ఉండేసరికి వేడిగాలి తిరిగి కిందకొచ్చి మళ్లీ కండెన్సర్‌లోకే పోతోంది. మేడ మీద నీడలో 37 డిగ్రీలు, మిషన్ లోపలికి పీల్చే గాలి 45. మధ్యాహ్నం ట్రిప్పులకు అసలు కారణం ఇదే, దానికి తోడు మొదటి లైనులో ఎక్కువైన గ్యాస్. రేకు తీయించాం. అవుట్‌డోర్ యూనిట్లు వాన తట్టుకునేలాగే తయారవుతాయి, వాటికి గొడుగు అక్కర్లేదు. చుట్టూ పేర్చిన అట్టపెట్టెలు, పాత ఫ్లెక్సీలు తీసేశారు.

శ్రీకాకుళం జిల్లాకు పొడవైన తీరం ఉంది. కళింగపట్నం వైపు నుంచి వచ్చే గాలి వెంట ఉప్పు వస్తుంది. ఆ ఉప్పు, తేమ కలిసి రాగి గొట్టం, అల్యూమినియం ఫిన్ను కలిసేచోట ఫిన్నును తినేసి పొడిగా మారుస్తాయి. ఇక్కడ తూర్పు వైపు ఫిన్నులు గోరుతో గీస్తే తెల్ల పొడిలా రాలుతున్నాయి. అది వెనక్కి రాదు, కానీ నెమ్మదింపజేయవచ్చు. నెలకోసారి మామూలు మంచినీళ్లతో మెల్లగా కడిగితే చాలు, ఖర్చేమీ లేదు. బోరు నీరు ఉప్పగా ఉంటే మాత్రం వాడకూడదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక ఈ జిల్లాలో పనిచేసిన మెకానిక్‌లందరికీ తెలిసిన విషయం ఒకటి: తుపాను తర్వాత లైన్లు తెగి మళ్లీ కలిపినప్పుడు మూడు ఫేజుల వరుస మారిపోవచ్చు. అప్పుడు స్క్రోల్ కంప్రెసర్ వెనక్కి తిరుగుతుంది. పెద్ద చప్పుడు వస్తుంది, రెండు గేజీలూ ఒకేలా నిలబడతాయి, కూలింగ్ సున్నా. కంప్రెసర్ పోయిందనుకుని మార్చేసే ప్రమాదం ఉంది. ఫేజ్ సీక్వెన్స్ రిలే పెడితే, వరుస తప్పినప్పుడు మిషన్ అసలు స్టార్టే కాదు. ఈ షాపులో అది లేదు, పెట్టించాం.

వోల్టేజి కూడా చూడాలి. మూడు ఫేజుల మధ్య 408, 396, 384 వచ్చాయి. సగటు 396, అందులో పెద్ద తేడా 12, అంటే 3 శాతం అసమానత. వినడానికి చిన్నదే, కానీ ఈ 3 శాతానికి మోటారు వైండింగు వేడి సుమారు 18 శాతం పెరుగుతుంది. కారణం బయటి కరెంటు కాదు. పై అంతస్తు స్ప్లిట్లు, కింద లైట్లు అన్నీ ఒకే ఫేజు మీద ఉన్నాయి. వైరింగ్ చేసే ఆయన్ని పిలిపించి సర్దించాం. తర్వాత 404, 400, 397. కాంటాక్టర్ పాయింట్లు కాలి గుంటలు పడ్డాయి, మార్చాం. ఒక కండెన్సర్ ఫ్యాను కెపాసిటర్ బలహీనపడింది, అదీ మార్చాం.

డ్రెయిన్ గురించి ఒక్క మాట. వానాకాలంలో సీలింగ్ నుంచి చీరల మీద నీళ్లు కారేవట. ఇలాంటి ఇండోర్‌లో బ్లోయర్ గాలిని లోపలికి లాగుతుంటుంది కాబట్టి డ్రెయిన్ పైపులోంచి కూడా గాలి పీల్చి నీటిని ఆపేస్తుంది. పైపుకు యూ ఆకారంలో ట్రాప్ ఉండి, అందులో నీరు నిలవాలి. ఇక్కడ ట్రాప్ లేదు. పెట్టాం, కారడం ఆగింది.

తర్వాత

అదే నడి ఎండలో కొలిచినప్పుడు మొదటి లైను హెచ్‌పీ 560 నుంచి 435కి వచ్చింది, కంప్రెసర్ కరెంటు 12.4 ఆంపియర్ల నుంచి 9.6కి. సూపర్ హీట్ రెండు లైన్లలోనూ 5, 6 డిగ్రీల దగ్గర నిలిచింది. వెనక్కి వచ్చే గాలి 25.5, వెళ్లే గాలి 15.5. మధ్యాహ్నం ట్రిప్పులు పోయాయి. ఏసీ సబ్‌మీటరు రోజుకు 150 యూనిట్ల దగ్గర తిరుగుతుండేది, 110 దగ్గరకు దిగింది. ఇదంతా రిపేరు ఘనతే అనడం సరికాదు. థర్మోస్టాట్ 18 మీద పెట్టి ఉంచేవారు. ఆ హాలు 18కి ఎప్పటికీ చేరదు, కాబట్టి కంప్రెసర్లు ఆగేవే కావు. ఇప్పుడు 24 మీద పెట్టారు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) చెప్తుంది, ఆ సంస్థతో సంప్రదించే కేంద్రం 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ గది ఏసీలకు 24నే డిఫాల్టుగా పెట్టించింది.

ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) ఎలా రాసుకోవాలన్నది ఓనరు గారు, వాళ్లబ్బాయి అడిగారు. మామూలుగా "ఏడాదికి నాలుగు సర్వీసులు" అని రాస్తారు. సర్వీసు అంటే ఏమిటో అందులో ఉండదు. నేను రాసిచ్చిన కాగితంలో వచ్చిన ప్రతిసారీ రాయాల్సిన అంకెలు ఉన్నాయి: వెళ్లే గాలి, వచ్చే గాలి ఉష్ణోగ్రతలు, గ్రిల్లు దగ్గర గాలి వేగం, రెండు లైన్ల ప్రెజర్లు, సూపర్ హీట్, మూడు ఫేజుల వోల్టేజి, ఆంపియర్లు. ఆ పుస్తకం షాపులోనే ఉండాలి, మెకానిక్ దగ్గర కాదు. రేపు నా బదులు ఇంకొకరు వచ్చినా అది చూసుకునే మొదలుపెడతారు. గ్యాస్ ఎక్కిస్తే తూకం, లీకు దొరికిన చోటు రాయకుండా బిల్లు ఇవ్వకూడదని కూడా రాశాం. ఫిల్టర్లు రెండు సెట్లు కొన్నారు. కుర్రాళ్లు రెండు వారాలకోసారి ఒకటి కడిగి నీడలో ఆరబెట్టి, రెండోది వేస్తారు. పెద్ద సర్వీసు సంక్రాంతి రద్దీ తగ్గాక, ఉగాదికి ముందే అయిపోవాలి. రెండోది తుపాన్ల సీజను దాటాక.

ఇంకా రెండు పనులు మిగిలాయి. సీలింగ్ పైన డక్టు ఇన్సులేషన్ రెండు చోట్ల ఊడి చెమట పడుతోంది. దానికి సీలింగ్ విప్పాలి కాబట్టి పెళ్లిళ్లు లేని ఆషాఢంలో చేద్దామని అనుకున్నాం. రెండోది ముందు తలుపు. తలుపు మూసి ఉంటే షాపు కట్టేశారనుకుని జనం వెళ్లిపోతారని ఓనరు గారి భయం, అది నిజమే కావచ్చు. కానీ జూన్ ఉక్కలో తెరిచి ఉంచిన తలుపు నుంచి వచ్చే తేమనంతా మిషనే మోయాలి. తలుపు పైనుంచి కిందకు గాలి తెర వదిలే ఎయిర్ కర్టెన్ రేట్లు తెప్పించి ఇచ్చాను. తలుపు వెడల్పుకు సరిపడా మోడల్ ఏదో వాళ్లబ్బాయి చూస్తున్నాడు.